పెంకుగౌరి వ్రత కథ: ఏడు లంకలు విన్న గంట

పసుపుగౌరికి మ్రొక్కి, పీటమీది పెంకును కన్నులకద్దుకొని, కుడిచేత అక్షతలు పట్టి ఇంటిల్లిపాదియు ఈ కథను వినవలెను. వినుచున్నంతసేపు ఎవరి పనిని గూర్చియు ఎవరును నవ్వరాదు.

పూర్వము శాంతవ్రతుడను ముని దీర్ఘశ్రవ మహర్షి ఆశ్రమమునకు వచ్చి, పాదములకు మ్రొక్కి యిట్లు అడిగెను. "మహాత్మా! సంపద కోరువారికి వ్రతము కలదు. సంతతి కోరువారికి కలదు. రోగము పోవుటకును కలదు. కాని ఒక గొప్ప పని తలపెట్టి, అది చెడి, మరల తలపెట్టి, మరల చెడి, నలుగురు నవ్వగా కాళ్లు చల్లబడి కూర్చున్నవారికి వ్రతమేదియు లేదా?"

మహర్షి చిరునవ్వు నవ్వి, "నాయనా, నీ తపస్సు ఎన్నిమార్లు భంగమైనది?" అని అడిగెను.

ముని తల వంచుకొని, "మూడుమార్లు, స్వామీ" అనెను.

"అందుకే ఇంత చక్కగా అడిగితివి. పార్వతీదేవి పరమేశ్వరునకు చెప్పిన వ్రతమొకటి కలదు. దానిని పెంకుగౌరి వ్రతమందురు. దానిని మొదట చేసినది కంచరుల ఆడపడుచు. చెప్పెదను వినుము" అని మహర్షి చెప్పనారంభించెను.

గౌతమీ తీరమున రేవుకొండ అను పట్టణము కలదు. దాని యెదుట ఏటి నడుమ ఏడు లంకలు కలవు. ఆ లంకల మట్టి బంగారము. అరటి వేసినను పండును, కంద వేసినను పండును. కాని ఏటేటా వరద వచ్చును. అందువలన కొండమీద ఒక కావలివాడు ఉండి, ఎగువ నీరు ఎర్రబడుట చూడగానే పెద్ద నిప్పు రగిలించును. ఆ వెలుగు చూచి లంకలవారు పడవలెక్కి గట్టు చేరుదురు.

ఒక యేడు వరదయు వానయు కలిసి వచ్చెను. కావలివాడు ఎంత ఊదినను నిప్పు రాజుకొనలేదు. చివరనున్న కడలంకలో నలువది గడపలు మునిగిపోయెను. రేవుకొండలో గంటలు పోయు గొంకయ అను కంచరి భార్య ఆ సమయమున పుట్టింటికి కడలంకకు పోయియుండెను. ఆమె తిరిగి రాలేదు.

పెద్దకర్మనాడు గొంకయ కూతురు, ఎనిమిదేండ్ల బయ్యమ్మ, తండ్రి ఒడిలో కూర్చుండి అడిగెను. "నాన్నా, వాన నిప్పుని ఆర్పేస్తుంది. మోతని ఆర్పుతుందా?"

"ఆర్పలేదమ్మా."

"అయితే కొండమీద గంట కట్టు."

"ఏడు లంకలకీ వినపడే గంట మన వంశంలో ఎవడూ పొయ్యలేదు తల్లీ."

"నేను పోస్తాను" అనెను బయ్యమ్మ. ఆ మాటకు అక్కడివారు కన్నీళ్లలోనే నవ్విరి. గొంకయ నవ్వలేదు. మగబిడ్డలు లేనివాడు గనుక, మరునాడే కూతురిని కొలిమి దగ్గర కూర్చుండబెట్టెను.

బయ్యమ్మ పెరిగెను. మట్టి పిసుకుట, మైనము పూయుట, రాగిలో తగరమును పాళ్లు చూచి కలుపుట నేర్చెను. పేరన అను మంచి పనివానిని గొంకయ ఇల్లరికము తెచ్చెను. పేరన కొలిమి తిత్తి ఊదును, బయ్యమ్మ కంచు కరగు మూస పట్టును. అట్లు కొన్నియేండ్లు గడచి గొంకయ కాలము చేసెను. పోవునప్పుడు తన పట్టకారును కూతురి చేత పెట్టెను.

అంతట బయ్యమ్మ ఏడు లంకల గంటకు గొయ్యి త్రవ్వించెను.

కంచరుల పెద్ద సింగన ఆ గొయ్యి యంచున నిలుచుండి కేక వేసెను. "ఏమే బయ్యమ్మా! గరిటె తిప్పే చేతికి మూస ఎందుకే? కంచు పొయ్యడమంటే పులుసు పొయ్యడం అనుకున్నావా?"

"పులుసు పోసే చెయ్యి వణకదు పెదనాన్నా. మీ చెయ్యి ఈమధ్య వణుకుతోందని విన్నాను" అనెను బయ్యమ్మ. తిత్తి దగ్గర పేరన నోరు మూసికొని నవ్వెను.

ఆమె లోపలి అచ్చు మట్టితో చేసి, దానిపై మైనము పూసి, పైన మరల మట్టి కప్పి, తండ్రి చెప్పినట్లే తొమ్మిదినాళ్లు ఆరబెట్టెను. మైనము కరగించి తీసి, కంచు పోసెను. చల్లారిన పిదప విప్పి చూడగా గంట నడుమ పగులు ఉండెను.

ఇచ్చట కంచరుల కట్టడి యొకటి చెప్పవలెను. చెడిన గంటను పరులెవరును చూడరాదు. అదే పూట దానిని పగులగొట్టి, కొలిమి వెనుక పాతిపెట్టి, దాని మాట మరల ఎత్తరాదు. చూపినచో కులము పరువు పోవునని వారి నమ్మకము. బయ్యమ్మయు అట్లే చేసెను. రెండవ గంట పోసెను. అదియు పగిలెను. దానినిగూడ పాతెను.

పట్టణమంతయు కోడై కూసెను. రేవులో బట్టలుతుకువారు, "బయ్యమ్మ గంటకి పొద్దున్న పురుడు, మజ్జానం పాడె!" అని పాట కట్టిరి. ఆమె ఎదురుపడినచో పాట ఆపి, ఆమె దాటగానే మరల ఎత్తుకొనిరి.

ఒక మంగళవారమునాడు బయ్యమ్మ తండ్రి పట్టకారును చీరకొంగున చుట్టుకొని, ఏట పారవైచుటకు రేవునకు పోయెను. అక్కడ మెట్టుమీద ఒక ముసలమ్మ కూర్చుండి, నెర్రె విడిచిన కుండకు మట్టి మెత్తుచుండెను.

"అదేంటమ్మాయ్, పట్టకారా? ఏట్లో పారేత్తన్నావా?" అని ముసలమ్మ అడిగెను. "పారేసేదేదో నాకిచ్చెయ్యి. నిప్పుల్లోంచి కందదుంపలు తీసుకుంటాను."

బయ్యమ్మకు నవ్వు వచ్చెను. నవ్వుతోపాటు ఏడుపు కూడ వచ్చెను. మెట్టుమీద కూలబడి జరిగినదంతయు చెప్పెను.

"రెండుసార్లు చెడిందన్నావు. ఎవరికి చూపించావు?"

"చూపించకూడదు అవ్వా. పాతిపెట్టేశాం."

"బాగుంది! పిల్లకి జొరమొస్తే వైద్యుడికి చూపించకుండా దుప్పటి కప్పే తల్లివన్నమాట" అని ముసలమ్మ ఆమెకు పెంకుగౌరి వ్రతమును ఉపదేశించెను. ఆ విధానము ఎట్టిదనగా:

మంగళవారమునాడు ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, పీటమీద కలశమును పసుపుగౌరిని నిలుపవలెను. గౌరి ప్రక్కన తాను తలపెట్టి చెడిన పనియొక్క పెంకును, అనగా విరిగిన ముక్కనో, చిరిగిన తునుకనో, మాడిన మెతుకునో ఉంచి, దానికిని పసుపు కుంకుమలు పెట్టవలెను. ఐదుగురు ముత్తైదువలను పిలువవలెను. వారిలో ఒకరైనను తన వృత్తి కానివారు ఉండవలెను. వారి యెదుట పెంకును చేతబట్టి, నేను తలపెట్టినది ఇది, చెడిన చోటు ఇది, మరల మొదలుపెట్టు దినము ఇది, అని మూడు మాటలు బిగ్గరగా చెప్పవలెను. దాచరాదు. తగ్గించి చెప్పరాదు. పరులమీద నెట్టరాదు. చలిమిడి, పానకము నివేదించి వాయనములు ఈయవలెను. వచ్చినవారిలో లోపమిది యని చెప్పినవారికే మొదటి వాయనము. పని నెగ్గువరకు ప్రతి మంగళవారము ఇట్లు చేయవలెను. నెగ్గినదనుకొన్న వారమును మానరాదు.

ఇట్లు చెప్పి ముసలమ్మ కుండ నెత్తుకొని మెట్లు దిగి, నీటి అంచున కనబడక పోయెను. మెట్లమీద పసుపు పాదముల జాడ మాత్రము నిలిచెను. బయ్యమ్మ పట్టకారును మరల కొంగున చుట్టుకొని ఇంటికి పరుగెత్తెను.

మరుసటి మంగళవారము ఆమె కొలిమి వెనుక త్రవ్వి, గంట పెంకును వెలికి తీసి, కడిగి, పీటమీద ఉంచెను. ఈ సంగతి తెలిసి సింగన వాకిట నిలిచి, "కులం పరువు తవ్వి పీటెక్కించావు కదే!" అని తిట్టిపోసెను. కంచరుల ఆడవారొక్కరును గడప త్రొక్కలేదు. పేరన వీధి వీధి తిరిగి, రేవులో పాట కట్టిన చాకలి ఆడవారినే ముగ్గురిని, గానుగవారి కోడలిని, కుమ్మరి ఎల్లక్కను పిలుచుకొని వచ్చెను.

బయ్యమ్మ పెంకు పట్టుకొని మూడు మాటలు చెప్పెను. మొదటిమాట పీటవరకే వినబడెను. రెండవమాట గడపవరకు వినబడెను. మూడవమాట వీధిలోనికి వినబడెను.

ఎల్లక్క పెంకును చేతిలోనికి తీసికొని వెలుతురున త్రిప్పి చూచెను. "ఇదేంటే అమ్మాయ్, అట్టుకి చిల్లులు పడ్డట్టుంది? నీ అచ్చు తడారలేదే. తడి ఉన్న కుండని ఆవంలో పెడితే నాదీ ఇలాగే పేలుతుంది. ఎన్నాళ్లు ఆరబెట్టావు?"

"తొమ్మిదినాళ్లు. మా నాన్న లెక్క."

"మీ నాన్న పోసింది చేతిగంటలే. దీని అచ్చు నా అంత లావుంది. తొమ్మిదినాళ్లకి పైతోలు ఆరుతుంది, పొట్ట ఆరద్దా? ఇరవైయొక్కనాళ్లు ఉంచు."

బయ్యమ్మ లేచి మొదటి వాయనము ఎల్లక్క ఒడిలో పెట్టి కాళ్లకు మ్రొక్కెను. కుమ్మరి కంచరికి గంట పోయుట నేర్పెనని చాకలివారు ఆ సాయంకాలమే క్రొత్త పాట కట్టిరి. ఈమారు పాటలో నవ్వు లేదు.

ఇరువదియొక్క దినములు అచ్చు ఆరెను. వారము వారము వ్రతము జరిగెను. మూడవ గంట పోసిరి. ఈ వార్త రాజు చెవిని పడెను. పోసిన నాలుగవనాడు, అనగా బుధవారము, తాను స్వయముగా వచ్చి గంటను చూతునని రాజు కబురు పంపెను. ముందటి దినము మంగళవారము. రాజు రాకముందే గంటను మెరుగుపెట్టవలెనని బయ్యమ్మ ఆనాడే అచ్చు విప్పించెను. చూడగా గంట నిండుగా, చిల్లి లేక, సూర్యబింబమువలె మెరసెను. పేరన సంతోషముతో గంతులు వేసెను.

బయ్యమ్మ మాత్రము వంగి గంట పెదవిని, అనగా అడుగు అంచును, వ్రేలితో తడిమెను. అచ్చట వెంట్రుకంత గీత యొకటి తగిలెను.

వ్రతనియమము ఆమె తలపునకు వచ్చెను. ఐదుగురిని పిలిచి ఈ గీతను చూపవలెను. చూపినచో రాజు వచ్చి ఒట్టిచేతులతో పోవును. సింగన నవ్వును. పాట మరల మారును. ఆమె తలుపు మూసి, లక్కను కరగించి, కంచుపొడి కలిపి, గీతలో పూసి, నున్నగా రుద్దెను. "ఈ వారం వ్రతం లేదా?" అని పేరన అడుగగా, "గంట వచ్చేసిందిగా. రేపు రాజుగారొస్తుంటే ఇవాళ చలిమిడి పిసుకుతూ కూర్చోనా?" అని కసరెను. పీట గోడకు ఆనించియే యుండెను.

రాజు వచ్చి గంటను కొండమీద కట్టించి, కొయ్యసుత్తితో ఒక్కమారు మ్రోగించెను. మ్రోత ఏటిమీదుగా పోయెను. రాజు మెచ్చి, వీరులకిచ్చు గండపెండేరమును స్వహస్తములతో బయ్యమ్మ కాలికి తొడిగెను. జనము జయము పలికిరి. సింగన తల వంచుకొని పోయెను. బయ్యమ్మకు ఆనాడు నేల కనబడలేదు.

నెల తిరుగకముందే ఎగువ నీరు ఎర్రబడెను. పేరన చిల్లుపడిన బిందెలకు మాట్లు వేయుటకై కడలంకకు పోయి నాలుగునాళ్లయ్యెను. పట్టపగలే మబ్బు క్రమ్మి వాన పట్టెను. కావలివాడు సుత్తి ఎత్తి గంటను కొట్టెను. ఒకటి. రెండు. మూడవ దెబ్బకు లక్క రాలి, గీత విచ్చి, గంట పెదవినుండి భుజము దాకా చీలిపోయెను. ఆపై ఎంత కొట్టినను చిల్లుబాన చప్పుడే గాని మ్రోత రాలేదు.

దగ్గరి నాలుగు లంకలవారు రెండు దెబ్బలకే పడవలెక్కిరి. మూడు దెబ్బలు వరద గుర్తని కట్టడి గనుక దూరపు మూడు లంకలవారు ఆగి చెవియొగ్గి, మూడవది రాకపోగా ఊరకుండిరి. నీరు వచ్చిపడెను. మనుష్యులు కొబ్బరిచెట్లెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఎడ్లు పోయెను, ఇండ్లు పోయెను, విత్తనములు పోయెను. పేరన పసిబిడ్డలను చెట్టెక్కించుచు కాలుజారి ప్రవాహమున పడి కొట్టుకొనిపోయెను. మూడుదినములు పడవలు వెదకినను ఆతని జాడ దొరకలేదు.

రాజు కోపించి గండపెండేరమును తీయించి, కొలిమికి ముద్ర వేయించెను. బయ్యమ్మ చీలిన గంట యెదుట కూర్చుండి తొమ్మిదినాళ్లు అన్నము ముట్టలేదు. వానయే గంటను చెరచెనని చెప్పుకొనవచ్చును. సుత్తి బరువని చెప్పుకొనవచ్చును. లక్క సంగతి లోకమున ఆమెకు తప్ప ఎవరికిని తెలియదు.

పదవనాడు మంగళవారము. ఆమె లేచి, తలంటుకొని, పీటను ఇంటిలో గాక రాజవీధి నడుమ వేసెను. గౌరిని నిలిపెను. పసుపు రాసిన గంట పెంకును ప్రక్కన పెట్టెను. దూరపు మూడు లంకలవారికిని కబురు పంపెను. ఐదుగురు గాదు, ఐదువందలమంది వచ్చిరి. రాజుకూడ ఏనుగుమీద వచ్చి దూరముగా నిలిచెను.

బయ్యమ్మ పెంకు ఎత్తిపట్టి, వీధి చివరకు వినబడునట్లు చెప్పెను. "నేను తలపెట్టింది ఏడు లంకల గంట. చెడిన చోటు ఇదిగో, ఈ పెదవి. ఇందులో ఇంకా అంటుకున్నది లక్క. గీత కనపడ్డా మీకు చూపించకుండా నేనే పూశాను. వాన కాదు, సుత్తి కాదు, నేనే. రాజుగారు కొలిమి తెరవనిస్తే వచ్చే మంగళవారం మళ్లీ మొదలుపెడతాను."

అంతట కడలంక కాటమ్మ అనునామె ముందుకు వచ్చెను. నాలుగు జతల ఎడ్లు పోగొట్టుకొన్నది ఆమెయే.

"నా ఎడ్లు ఎల్లిపోయినియ్యి" అనెను కాటమ్మ. "కోడెదూడల్ని చేత్తో పెంచుకున్నాను. నిన్ను చూత్తంటే నా కడుపు మండిపోతంది. పగులొచ్చింది గంటకి కాదే, నీ నోటికి. ఆ గీత ఆ రోజే చెప్పుంటే నిప్పు చూసుకుందుం, పడవ కట్టుకుందుం. గంటుంది కదాని నిద్దరోయాం."

బయ్యమ్మ మొదటి వాయనమును రెండుచేతులతో కాటమ్మకు చాచెను.

కాటమ్మ ఆ చేతులవంక చూచెను. పిదప కొంగు పట్టెను. "మొగుణ్ణి పోగొట్టుకుని మరీ ఈదిలో నుంచుని చెప్పావు. మా లంకలో మగోళ్లెవరికీ ఇంత గుండె లేదు. పొయ్యి. మళ్లీ గంట పొయ్యి. ఈసారి అచ్చు కాడ నేను కూకుంటాను."

అప్పుడు గుంపులోనుండి సింగన వచ్చెను. ఆతని చేతిలో మట్టికొట్టుకొనిన మూట యుండెను. ఆ మూటను పీట ముందు విప్పగా, నాచు పట్టిన గంట పెంకులు నాలుగు బయటపడెను.

"ఇవి మా కొలిమి వెనకాలవి" అనెను సింగన. "ఇది మా తాతది, ఇది మా నాన్నది, ఈ రెండూ నావి. చూడు బయ్యమ్మా, అన్నీ పెదవి దగ్గరే చీలాయి. పెద్ద గంటని వేడి చల్లారకముందే విప్పితే ఇలా అవుతుంది. తాత నాన్నకి చెప్పలేదు, నాన్న నాకు చెప్పలేదు. సిగ్గుతో పాతుకుంటూ పోయాం. ఏడునాళ్లు ఉంచాలే దీన్ని, ఏడునాళ్లు. నిన్ను తిట్టానుగానీ, ఈ మాట ముందే నీకు చెప్పాల్సింది నేను."

కంచరుల పెద్ద నడివీధిలో కన్నీరు పెట్టుట ఎవరును అంతకుముందు చూడలేదు. ఆనాటినుండి రేవుకొండ కంచరులు చెడిన గంటను పాతిపెట్టుట మానిరి.

రాజు ఏనుగు దిగెను. ఈ గంటయు పగిలినచో బయ్యమ్మ రాజ్యము విడిచి పోవలెనని చెప్పి, ఆమె ఒప్పుకొనగా కొలిమి ముద్రను తీయించెను. ఏడు లంకల ఆడవారు ఇంటిలో మిగిలిన కంచు గిన్నెలు, చెంబులు, పళ్లెములు తెచ్చి మూసలో వేసిరి. ఎల్లక్క మట్టి చూచెను. సింగన తిత్తి పట్టెను. కాటమ్మ చెప్పినట్లే అచ్చు ప్రక్కన పీట వేసికొని కూర్చుండెను. ఇరువదియొక్కనాళ్లు అచ్చు ఆరిన పిదప నాలుగవ గంట పోసిరి.

పోసిన ఐదవనాడు ఎగువ నీరు మరల ఎర్రబడెను.

జనము కొలిమికి పరుగెత్తిరి. "విప్పు! విప్పు!" అని కేకలు వేసిరి. రాజుకూడ గుఱ్ఱముమీద వచ్చి వెంటనే అచ్చు విప్పుమని ఆజ్ఞాపించెను. భటులు గడ్డపారలెత్తిరి. బయ్యమ్మ అచ్చునకు వీపు ఆనించి చేతులు చాచి నిలిచెను. మట్టి వేడికి రవిక కమిలెను. ఆమె కదలలేదు.

"మహారాజా, ఇవాళ విప్పితే మూడు దెబ్బలు మోగుతుంది. ఎల్లుండి విప్పితే మూడు తరాలు మోగుతుంది. నన్ను నరికి విప్పుకోండి, లేదా మీ పడవలన్నీ ఇప్పుడే లంకలకి పంపండి. గంట ఇంకా కాలేదని అక్కడివాళ్లకి నిజం చెప్పండి. గంట ఉందని మాత్రం నమ్మించకండి."

"అడ్డొచ్చినోడి మీద ముందు ఈ పీట పడద్ది" అని కాటమ్మ లేచి ప్రక్కన నిలిచెను. సింగన మూడవవాడై నిలిచెను.

రాజు వారిని చూచెను. గడ్డపారలు దింపించెను. రాజపడవలు ఇరువది ఆ క్షణమే లంకలకు పోయెను. ముసలివారిని, పిల్లలను రెండునాళ్లలో గట్టు చేర్చిరి. వయసువారు పశువులను విడువలేక అక్కడనే యుండిరి.

ఏడవనాటి ఉదయము అసలు వరద కనబడెను. తాటిచెట్టంత కెరటము వచ్చుచున్నదని కావలివాడు దిగి వచ్చి చెప్పెను. వాన కుండపోతగా కురిసెను. ఇక ఇవతలి గట్టునుండి లంకలకు పడవ పంపుటకు వీలులేదు. బయ్యమ్మ అచ్చు విప్పెను. పెదవిని వ్రేలితో చుట్టును తడిమెను. ఒకమారు గాక మూడుమార్లు తడిమెను. పిదప ఎల్లక్కను, కాటమ్మను, సింగనను పిలిచి వారిచేత తడిమించెను. నలుగురికిని ఏమియు తగులలేదు.

రెండువందలమంది మోకులు పట్టి గంటను కొండకు ఈడ్చిరి. బయ్యమ్మ సుత్తి ఎత్తెను. మూడవ దెబ్బ ముందు జనమంతయు కన్నులు మూసికొనెను. మూడవది మ్రోగెను. నాలుగవది మ్రోగెను. నూరవది మ్రోగెను. మ్రోత వానను చీల్చి ఏడవ లంక దాటి అడవులలోనికి పోయెను. లంకలలోని వయసువారు విని, పశువులను లంకలలోని ఎత్తైన గట్లమీదికి తోలి, తెప్పలెక్కి ప్రాణములతో బయటపడిరి. ఆ వరదలో ఒక్క మనిషియు పోలేదు. ఒక్క దూడయు పోలేదు.

బయ్యమ్మ చేతులు బొబ్బలెక్కినను సుత్తి దించలేదు. ప్రొద్దు వాలుచుండగా దిగువనుండి ఒక వెదురు తెప్ప ఏటి వెల్లువకు ఎదురుగా, గట్టు అంచు పట్టుకొని వచ్చెను. దానిమీద గడ్డము పెరిగిన మనిషి యొకడు కుంటుచు గెడ వేయుచుండెను. అతడు పేరన. వరద ఆతనిని సముద్రము దగ్గరి మడ అడవిలో పడవైచెను. కాలు విరిగి, దిక్కు తెలియక, పీతలు తిని బ్రతికెను. ఆనాడు వానలో గంట వినబడెను. అంతటి గంట పోయువారు లోకమున ఒక్కరే యని ఎరిగినవాడు గనుక, మ్రోత వచ్చిన దిక్కునకు తెప్ప కట్టి బయలుదేరెను.

కొండ యెక్కి భార్యను చూచి ఆతడు అన్న మొదటిమాట ఇది: "ఏమే, ఎంతసేపు కొడతావు? ఊపిరి తీసుకోనీ. నేను వచ్చేశానుగా."

బయ్యమ్మ చేతిలోని సుత్తి అప్పుడు జారెను.

రాజు గండపెండేరమును తెచ్చి ఆమె కాలికి మరల తొడుగబోయెను. ఆమె దానిని కొలిమి గుమ్మమునకు కట్టించి, ఈ కొలిమిలో పనిచేయువారందరిదియు ఇది యని చెప్పెను. లంకలు మరల పండెను. కాటమ్మ ఇంట పదహారు ఎడ్లు అయ్యెను. బయ్యమ్మ యిద్దరు కూతుళ్లును గంటలు పోసి తల్లిని మించిరి. ఆమె సుఖముగా నూరేండ్లు జీవించి గౌరీ సాయుజ్యము పొందెను.

ఇట్లు చెప్పి దీర్ఘశ్రవ మహర్షి ఇంకను పలికెను. "శాంతవ్రతా! ఈ వ్రతమును చదువు తప్పినవారు, పంట తప్పినవారు, మగ్గముమీద పోగు తెగినవారు, ఆటలో ఓడినవారు, పాట మధ్యలో గొంతు పోయినవారు, ఇల్లు కట్టబోయి గోడ కూలినవారు చేయవలెను. స్త్రీలు చేయవచ్చును, పురుషులును చేయవచ్చును. భార్యాభర్తలు కలిసి చేసిన మరియు మంచిది. దీనిని చేసినవారికి ఓటమి కలుగదని నేను చెప్పను. ఓటమి కలిగినను తల దిగదు. లోపము దొరకును. లోపము చెప్పు ఆప్తులు దొరకుదురు. తలపెట్టిన పని ఆలస్యముగానైనను నెగ్గును. పెంకును దాచినవారికి మాత్రము ఎన్ని పూజలు చేసినను ఫలము దక్కదు."

శాంతవ్రతుడు లేచి, తన తపస్సు మూడుమార్లును ఎట్లు చెడెనో ఆశ్రమవాసులందరి యెదుట చెప్పి, ఆ ఉదయమే నాలుగవమారు ఆరంభించెను.

కథ విన్నవారు అక్షతలలో సగము గౌరిమీదను, సగము పెంకుమీదను వేయవలెను. వ్రతము చేసినవారు పెంకును రెండుచేతులతో ఎత్తి, మరల మొదలుపెట్టు దినమును అందరికి వినబడునట్లు చెప్పవలెను. అప్పుడు ఇంటివారు, పొరుగువారు, పిల్లలు, పెద్దలు అందరును ఒక్కగొంతుతో పలుకవలెను: మొదలుపెట్టు తల్లీ, మేమున్నాము.